డీటీహెచ్ మధ్యలో ఆపేస్తే పెనాల్టీ పడుతుందా? హైదరాబాద్ వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

అపార్ట్‌మెంట్ గ్రూపులో, చుట్టాల్లో, ఆఫీసులో ఇవే డౌట్లు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. ఇంట్లోకి ఫైబర్ వచ్చాక ఇంక డిష్ ఎందుకులే అని చాలామందికి అనిపిస్తోంది, కానీ ఆపితే ఎంత పడుతుందో ఏమోనని భయపడి నెలనెలా రీచార్జ్ చేస్తూనే ఉన్నారు. అందుకే అన్నీ ఒకచోట రాసిపెట్టాను, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి. నేను చూసినంతలో పెనాల్టీ అనే పేరుతో పోయే డబ్బు తక్కువ, ముందే కట్టేసిన అడ్వాన్సు, తిరిగివ్వని అద్దె బాక్సు, మర్చిపోయిన ఆటోపే, వీటిలో పోయేదే ఎక్కువ.

## ఆపాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

రెండేళ్ల కాంట్రాక్ట్ ఉంటదంట కదా, మధ్యలో ఆపితే మిగతా నెలలన్నీ కట్టాలా?

మామూలు ప్రీపెయిడ్ కనెక్షన్ అయితే అక్కర్లేదు. మన దగ్గర డీటీహెచ్ దాదాపు అంతా ప్రీపెయిడే, బ్యాలెన్స్ అయిపోతే ఛానెళ్లు ఆగిపోతాయి, అక్కడితో సరి, చూడని నెలకి బిల్లు రాదు. ఈ భయం ఎక్కువగా అమెరికాలో ఉన్న పిల్లలు చెప్పిన మాటల వల్ల వస్తోంది. అక్కడ డైరెక్ట్‌టీవీ శాటిలైట్ వాళ్లు 24 నెలల ఒప్పందం రాయించుకుని, ముందే మానేస్తే మిగిలిన ఒక్కో నెలకి 20 డాలర్ల చొప్పున వసూలు చేసే పద్ధతి ఉంది. ఇక్కడ అలా కాదు. కాకపోతే మూడు సందర్భాల్లో మాత్రం కాగితాలు చూడకుండా ఆపొద్దు: బాక్సు అద్దెకి తీసుకున్నప్పుడు, బాక్సు తక్కువ ధరకి ఇచ్చి ఇన్ని నెలలు వాడాలి అని షరతు పెట్టినప్పుడు, ఫైబర్, మొబైల్, టీవీ అన్నీ కలిపి ఒకే పోస్ట్‌పెయిడ్ బిల్లులో ఉన్నప్పుడు.

నాది ఏ టైపు కనెక్షనో నాకే తెలీదు, ఎక్కడ చూడాలి?

కనెక్షన్ పెట్టిన రోజు మీతో సంతకం పెట్టించుకున్న ఫామ్ ఉంటుంది చూడండి, అదే ముఖ్యం. టీవీ, టెలికాం కంపెనీలకి రూల్స్ పెట్టే ప్రభుత్వ సంస్థ ట్రాయ్, దాని 2017 నిబంధనల ప్రకారం దాని కాపీ మీకివ్వాలి. చాలామందికి ఇవ్వరు, ఇచ్చినా బాక్సు అట్టపెట్టెతో పాటు బయటికి పోయి ఉంటుంది. దొరక్కపోతే రిజిస్టర్ చేసిన మెయిల్ నుంచి కస్టమర్ కేర్‌కి రాసి కాపీ పంపమని అడగండి. అందులో చూడాల్సింది మూడే: బాక్సు సొంతంగా కొన్నారా అద్దెకి ఇచ్చారా, డిపాజిట్ ఏమైనా తీసుకున్నారా, కనీసం ఇన్ని నెలలు వాడాలి అని ఎక్కడైనా ఉందా. యాప్‌లో ప్లాన్ వివరాలు కనిపిస్తాయి కానీ బాక్సు ఎవరిదో అందులో స్పష్టంగా ఉండదు, కాబట్టి దాన్ని మాత్రమే నమ్ముకోవద్దు.

కస్టమర్ కేర్ వాళ్లు లాకిన్ ఉంది, అంటే ఇన్నాళ్లదాకా మానకూడదు అంటున్నారు, నిజమేనా?

లాకిన్ దేని మీద అని ఎదురు అడగండి, సగం కాల్స్ అక్కడే తేలిపోతాయి. ఒక్కోసారి వాళ్లు చెప్పేది ఒక ప్యాక్ గురించి, అంటే ఆ ప్యాక్ మార్చాలంటే ఇన్ని రోజులు ఆగాలి అని, దానికీ కనెక్షన్ మూసేయడానికీ సంబంధం లేదు. ఇంకోసారి ఆఫర్ మీద ఉంటుంది, అంటే ముందే ఆపితే ఇచ్చిన డిస్కౌంట్ వెనక్కి తీసుకుంటారు. మూడోది బాక్సు మీద. ఏదైనా సరే, నేను ఒప్పుకున్న షరతు ఏదో ఆ లైను మెయిల్ చేయండి అనండి. నోటితో చెప్పిన లాకిన్‌కి డబ్బు కట్టొద్దు.

నిజంగానే రాసి ఉన్నా అడిగినంతా కట్టాలని లేదు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం, పెనాల్టీ ఇంత అని ముందే రాసుకున్నా సరే, ఆ మొత్తానికి మించకుండా సబబైన పరిహారం మాత్రమే రాబట్టుకోవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కూడా నష్టానికి పొంతన లేని పెనాల్టీని, మరీ ఎక్కువ డిపాజిట్‌ని అన్యాయమైన ఒప్పందం కిందే లెక్కేస్తుంది. ఈ రెండు ముక్కలు మెయిల్‌లో మర్యాదగా రాస్తే అవతలి వాళ్ల జవాబు కూడా కాస్త జాగ్రత్తగా వస్తుంది.

అమ్మాయి డెలివరీకి ఆరు నెలలు అమెరికా వెళ్తున్నాం, అప్పటిదాకా ఆపి పెట్టొచ్చా?

పెట్టొచ్చు, తాత్కాలికంగా నిలిపేసే సౌకర్యం ట్రాయ్ నిబంధనల్లోనే ఉంది. నెలనెలా రీచార్జ్ చేసేవాళ్లకి దీంతో పెద్ద పని లేదు, రీచార్జ్ మానేస్తే చాలు. ఏడాదికి ఒకేసారి కట్టినవాళ్లు మాత్రం తప్పకుండా వాడుకోవాలి, లేకపోతే ఇంటికి తాళం వేసి ఉన్నా బ్యాలెన్స్ రోజురోజుకీ కరిగిపోతూనే ఉంటుంది. ఫ్లైట్ ముందు రోజు హడావుడిలో కాకుండా కనీసం రెండు మూడు వారాల ముందే అడగండి. ఎన్ని నెలలదాకా ఆపుతారు, మళ్లీ మొదలుపెట్టడానికి ఎంత తీసుకుంటారు అనేది కంపెనీని బట్టి ఉంటుంది. ఈ ఛార్జీలకి ఒకప్పుడు గరిష్ఠ పరిమితి ఉండేది, 2024లో ట్రాయ్ దాన్ని కంపెనీలకే వదిలేసింది, కానీ ఎంతో అందరికీ తెలిసేలా ప్రకటించాలి. ఆపిన తేదీ, మిగిలిన బ్యాలెన్స్ ఎస్ఎంఎస్‌లో వచ్చాకే బ్యాగులు సర్దుకోండి.

ఆపేయడం కాదు, బిల్లు తగ్గితే చాలు, ఏమైనా దారి ఉందా?

ఉంది. మీరు కట్టేదాంట్లో ఛానెళ్ల ధర ఒకటి, ఛానెళ్లు మీ ఇంటిదాకా అందించినందుకు తీసుకునే నెట్‌వర్క్ కెపాసిటీ ఫీజు ఇంకోటి, ఈ రెండిటి మీద 18 శాతం జీఎస్టీ. నెట్‌వర్క్ ఫీజుకి 2020 నుంచి 200 ఛానెళ్లకి 130 రూపాయలు, అంతకుమించితే 160 అనే పరిమితి ఉండేది, 2024లో అది ఎత్తేశారు, అందుకే ఇప్పుడు కంపెనీకో రేటు. ఇంట్లో నిజంగా చూసేవి రెండు సీరియల్ ఛానెళ్లు, రెండు న్యూస్, ఐపీఎల్ టైమ్‌లో స్పోర్ట్స్ అయితే పెద్ద ప్యాక్ తీసేసి విడివిడిగా పెట్టుకోండి. రెండో టీవీ కనెక్షన్ ఉంటే ముందు దాన్ని తీసేయండి, ఎక్కువ మిగిలేది అక్కడే.

అసలు నెల ఖర్చే వద్దనుకుంటే డీడీ ఫ్రీ డిష్ ఉంది, డీడీ యాదగిరి వస్తుంది, నెలవారీ చందా ఉండదు. కానీ మీకు కావాల్సిన తెలుగు ఛానెళ్లు అందులో వస్తున్నాయో లేదో ఎవరింట్లోనైనా చూసి అప్పుడు మారండి.

## ఆపే ముందు

12 నెలలకి ఒకేసారి కట్టా, ఐదు నెలలకే ఆపితే మిగతా డబ్బు వెనక్కొస్తదా?

చాలామందికి అసలు దెబ్బ తగిలేది ఇక్కడే, కాబట్టి కాస్త నెమ్మదిగా చదవండి. ఆరు నెలలు, అంతకంటే ఎక్కువ కాలానికి కట్టేవాళ్లకి డిస్కౌంట్ ఇచ్చుకోవచ్చని 2020లో ట్రాయ్ అనుమతించింది, ఆ డిస్కౌంట్ చూసే మనం ఒకేసారి కడతాం. మధ్యలో ఆపినప్పుడు కంపెనీ వాడిన నెలల్ని డిస్కౌంట్ రేటుతో లెక్కేస్తుందా, మామూలు నెల రేటుతో లెక్కేస్తుందా అన్నదే ప్రశ్న.

ఒక లెక్క చూద్దాం. నెలకి 300 అయ్యే ప్యాక్, ఏడాదికి 3,000 కట్టారు అనుకోండి, అంటే నెలకి 250 పడింది. ఐదు నెలలు చూసి ఆపారు. డిస్కౌంట్ రేటుతో అయితే 1,250 అయిపోయింది, 1,750 మిగలాలి. మామూలు రేటుతో అయితే 1,500 అయిపోయింది, మిగిలేది 1,500. ఈ 250 తేడానే పేరు చెప్పకుండా తీసుకునే పెనాల్టీ. ఆఫర్ షరతుల్లో ఇలా లెక్కేస్తామని రాసి ఉంటే వాదించడం కష్టం, రాసి లేకపోతే మాత్రం గట్టిగా అడగండి.

డబ్బు చేతికి రావడం కష్టం అని వాళ్లు తేల్చేస్తే ఇంకో దారి చూడండి. ఉన్న ప్యాక్ తీసేసి అతి చిన్న ప్యాక్‌కి మారితే అదే బ్యాలెన్స్ చాలా నెలలు వస్తుంది, అయితే ప్యాక్ మారిస్తే ఆఫర్ పోతుందేమో ముందే కనుక్కోండి. లేదా అమ్మానాన్నల ఇంటికి కనెక్షన్ మార్చేయండి. ఇక మీద ఆపే ఆలోచన కొంచెం ఉన్నా సరే ఏడాది రీచార్జ్ జోలికి పోవద్దు, మిగిలే ఆరు వందల కోసం మూడు వేలు ఇరుక్కుంటాయి.

ఇల్లు మారుతున్నాం, కొత్త అపార్ట్‌మెంట్‌లో డిష్ పెట్టనివ్వరంట, అప్పుడు కూడా నా తప్పేనా?

మీ తప్పు కాదు, కానీ దాన్ని మీరే కాగితం మీద చూపించుకోవాలి. చాలా గేటెడ్ కమ్యూనిటీల్లో బాల్కనీకి డిష్ బిగించనివ్వరు, టెర్రస్ మీదికి కూడా పోనివ్వరు. పర్మిషన్ ఉన్నా ఇంకో చిక్కు ఉంది: మన డీటీహెచ్ ఉపగ్రహాలు 83 డిగ్రీల తూర్పు నుంచి 108 డిగ్రీల దాకా ఉన్నాయి, హైదరాబాద్ ఉన్నది 78న్నర దగ్గర, అంటే ఇక్కడ్నుంచి డిష్ దక్షిణానికో ఆగ్నేయానికో చూడాలి. మీ బాల్కనీ ఉత్తరానికో పడమరకో ఉండి ఎదురుగా ఇంకో టవర్ ఉంటే సిగ్నల్ రాదు.

ముందు షిఫ్టింగ్ రిక్వెస్ట్ పెట్టండి, టెక్నీషియన్ వచ్చి ఇక్కడ కుదరదు అంటే ఆ మాటే రిక్వెస్ట్ నంబర్ మీద రాయమనండి. అసోసియేషన్ వాళ్ల నుంచి డిష్ పెట్టడానికి లేదు అని ఒక మెయిల్ తీసుకోండి. ఈ రెండూ ఉంటే, నేను మానట్లేదు, మీరే ఇక్కడ సర్వీస్ ఇవ్వలేకపోతున్నారు అని చెప్పి మిగిలిన అడ్వాన్సు అడగొచ్చు. మీ అంతట మీరు క్యాన్సిల్ చేసుకున్నాక ఇదే మాట చెప్తే అంత బలం ఉండదు.

డబ్బాకు పైసలు కట్టిన, ఇప్పుడు వాపస్ ఇయ్యమంటున్నరు, ఇదేం లెక్క?

మొదటిరోజు కట్టింది ధరా, డిపాజిట్టా, లేక ఇన్‌స్టాలేషన్, యాక్టివేషన్ ఛార్జీయా అనేది రసీదులో చూడండి. ధర అయితే బాక్సు మీది, ఇవ్వక్కర్లేదు. డిపాజిట్ అయితే బాక్సు వాళ్లది, పనిచేసే స్థితిలో తిరిగిచ్చి డిపాజిట్ వెనక్కి తీసుకోవాలి. ఇన్‌స్టాలేషన్ కిందే 1,500 తీసుకుని బాక్సు ఫ్రీ అని నోటితో చెప్పి ఉంటే మాత్రం గొడవ మొదలవుతుంది, అప్పుడు రసీదులో ఏముంటే అదే నిలబడుతుంది. రసీదు లేకపోతే ఆ రోజు చేసిన యూపీఐ పేమెంట్ స్క్రీన్‌షాట్, వచ్చిన ఎస్ఎంఎస్ వెతకండి.

బాక్సు, ఏడాది ప్యాక్ కలిపి క్రెడిట్ కార్డ్ ఈఎంఐలో తీసుకున్నా, సర్వీస్ ఆపితే ఈఎంఐ ఆగుతుందా?

ఆగదు. ఈఎంఐ మీకూ బ్యాంకుకీ మధ్య లెక్క, డీటీహెచ్ వాళ్లకి డబ్బు ఎప్పుడో వెళ్లిపోయింది. అది కట్టడం ఆపితే లేట్ ఫీజు, వడ్డీ, సిబిల్ (క్రెడిట్ స్కోరు) దెబ్బ అన్నీ వస్తాయి. సర్వీస్ వాళ్లతో రిఫండ్ సంగతి విడిగా తేల్చుకోండి, ఈఎంఐ మాత్రం టైమ్‌కి కట్టండి.

కనెక్షన్ మా నాన్నగారి పేరు మీద ఉంది, ఆయన లేరు. మేం ఆపొచ్చా?

ఆపొచ్చు. మరణ ధ్రువపత్రం, మీ గుర్తింపు కార్డు, ఆయనకి మీరేమవుతారో చూపించే కాగితం ఏదైనా పెట్టి మెయిల్ చేయండి. కొన్నాళ్లు టీవీ ఉంచాలనుకుంటే ఇదే కాగితాలతో పేరు మార్చుకోవచ్చు. ఒక్క జాగ్రత్త: ఓటీపీలన్నీ ఆయన ఫోన్‌కే వస్తాయి కాబట్టి ఈ పని అయ్యేదాకా ఆ సిమ్ ఆపేయకండి. చాలా ఇళ్లలో సిమ్ ముందు మూసేసి తర్వాత ప్రతి ఆఫీసు చుట్టూ తిరుగుతుంటారు, ఆ బాధలో ఇది గుర్తుండదు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

## ఆపే రోజు

రీచార్జ్ చేయకుండా వదిలేస్తే సరిపోదా, మళ్లీ క్యాన్సిల్ చేయాలా?

సొంత బాక్సు, నెలనెలా రీచార్జ్, ఆటోపే లేదు, బ్యాలెన్స్ సున్నా. ఈ నాలుగూ ఉంటే వదిలేయొచ్చు. ఒక్కటి తేడా ఉన్నా రాసి ఆపండి, ముఖ్యంగా అద్దె బాక్సు అయితే, ఎందుకంటే టీవీ చూడకపోయినా బాక్సు మీ ఇంట్లో ఉన్నన్నాళ్లు అద్దె అడిగే అవకాశం ఉంది.

ఫోన్ చేస్తే ఆఫర్లు చెప్తూ లైను తిప్పుతున్నారు, ఏమని చెప్పాలి?

ఫోన్‌లో వాదన వద్దు. రిజిస్టర్డ్ నంబర్ నుంచి ఒకసారి చేసి, డిస్‌కనెక్షన్ రిక్వెస్ట్ పెట్టండి, నంబర్ ఇవ్వండి అని అడగండి, ఆ నంబర్ రాసుకోండి. వెంటనే మెయిల్ పంపండి, ఇలా ఉంటే చాలు:

"నా కనెక్షన్ ఐడీ ఫలానా. ఫలానా తేదీ నుంచి సర్వీస్ శాశ్వతంగా ఆపేయండి. రిక్వెస్ట్ నంబర్ ఫలానా. మిగిలిన బ్యాలెన్స్, డిపాజిట్ ఎంతో లెక్క చెప్పి నా బ్యాంకు ఖాతాకి పంపండి. ఏదైనా ఛార్జీ ఉందంటే అది నేను ఒప్పుకున్న షరతుల్లో ఎక్కడుందో చూపించండి. బాక్సు తీసుకోవాలంటే ఎప్పుడు వస్తారో చెప్పండి."

తేదీ కనీసం పదిహేను రోజులు ముందుకి వేయండి, నోటీసు ఇవ్వలేదు అనే మాట రాకుండా ఉంటుంది. వాళ్లు చెప్పే ఆఫర్ నిజంగా బాగుంటే తీసుకోండి, తప్పేం లేదు, కాకపోతే అందులో కొత్త లాకిన్ ఉందా అని అడిగి మెయిల్‌లో జవాబు వచ్చాకే సరే అనండి.

ఆటోపే ఎక్కడ ఆపాలి?

డీటీహెచ్ యాప్‌లో తీసేస్తే సరిపోయిందనుకోవద్దు. యూపీఐ అయితే మీ యూపీఐ యాప్‌లో ఆటోపే లేదా మ్యాండేట్స్ అని ఉంటుంది, అందులోకి వెళ్లి రద్దు చేయండి. కార్డు అయితే బ్యాంకు యాప్‌లో గానీ సైట్‌లో గానీ ఈ-మ్యాండేట్ దగ్గర తీసేయాలి. ఆర్‌బీఐ రూల్ ప్రకారం డబ్బు కట్ అయ్యే 24 గంటల ముందే మెసేజ్ రావాలి, అది చూసీ చూడనట్టు వదిలేయకండి, ఆపడానికి ఆ ఒక్కరోజే టైమ్.

బాక్సు తీసుకెళ్తాం అని వచ్చిన అబ్బాయికి ఇచ్చేయొచ్చా?

రసీదు లేకుండా ఇవ్వొద్దు. ముందు కస్టమర్ కేర్‌కి చేసి మీవాళ్లేనా వచ్చింది అని కనుక్కోండి. బాక్సు తిరగేస్తే అడుగున స్టిక్కర్ మీద సీరియల్ నంబర్ ఉంటుంది, వ్యూయింగ్ కార్డ్ ఉన్న మోడల్ అయితే కార్డ్ మీద ఇంకో నంబర్. రెండూ కనిపించేలా ఫోటో తీయండి, బాక్సు ఆన్ చేసి తెర మీద బొమ్మ వస్తున్నట్టు చిన్న వీడియో తీయండి, తర్వాత పాడైపోయింది అని డిపాజిట్ కోయకుండా. రిమోట్, అడాప్టర్ కూడా ఇస్తున్నట్టు రసీదులో రాయించండి. రసీదు పుస్తకం లేదన్నా అంటే, తెల్లకాగితం మీదైనా సీరియల్ నంబర్, తేదీ, పేరు, సంతకం తీసుకోండి.

డాబా మీద డిష్ తీసేయాలా, వదిలేయాలా?

సొంతిల్లు అయితే మీ ఇష్టం. అద్దిల్లు అయితే తీసేయించండి, కానీ పద్ధతిగా. డిష్ కాలుని స్లాబులోకి బోల్టులు దింపి బిగిస్తారు, డిష్ ఊడబెరికి ఆ రంధ్రాలు అలాగే వదిలేస్తే వానాకాలంలో నీళ్లు అందులోంచే దిగుతాయి, కింద బెడ్‌రూమ్ సీలింగ్ మీద తుప్పు రంగు మరక వస్తుంది, ఓనర్ అడ్వాన్సులోంచి పట్టుకుంటారు. డీటీహెచ్ పెనాల్టీ తప్పించుకుని ఇక్కడ పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. తీయించినరోజే ఆ రంధ్రాల్లో వాటర్‌ప్రూఫింగ్ సిమెంట్ పెట్టించి ఫోటో ఓనర్‌కి పంపండి.

## ఆపేశాక

రిఫండ్ వస్తుంది వస్తుంది అంటున్నారు, రావట్లేదు. ఎక్కడ కంప్లైంట్ చేయాలి?

వరసగా వెళ్లండి. ముందు కస్టమర్ కేర్, అక్కడి కంప్లైంట్ నంబర్. తేలకపోతే కంపెనీలో పైస్థాయిలో ఫిర్యాదులు చూసే నోడల్ ఆఫీసర్, ప్రతి రాష్ట్రానికీ ఒకరుండాలి, వివరాలు వాళ్ల సైట్‌లో ఉంటాయి. అక్కడా కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, తెలుగులో మాట్లాడొచ్చు, ఫ్రీ. చాలావరకు ఇక్కడికి వచ్చేసరికే డబ్బు కదులుతుంది. నేరుగా ట్రాయ్‌కి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, ట్రాయ్ రూల్స్ పెడుతుంది కానీ ఒక్కొక్కరి కంప్లైంట్ తీర్చదు, అక్కడ టైమ్ వేస్ట్ చేసుకోకండి.

చివరి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. ఐదు లక్షల లోపు విషయానికి ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు, ఈ-జాగృతి పోర్టల్లో ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు, రెండేళ్ల లోపు వేయాలి. కంపెనీ ఆఫీసు ముంబైలో ఉన్నా ఢిల్లీలో ఉన్నా మీరుండే చోటే వేయొచ్చు. అడ్రస్‌లో హైదరాబాద్ అని రాసుకున్నా జిల్లా వేరే అయ్యుండొచ్చు, గచ్చిబౌలి రంగారెడ్డిలోకి వస్తుంది, కూకట్‌పల్లి మేడ్చల్-మల్కాజిగిరిలోకి, అది చూసుకుని వేయండి. పెనాల్టీ షరతే అన్యాయం అని సవాల్ చేయాలంటే మాత్రం అది రాష్ట్ర కమిషన్ పరిధి. మామూలు రిఫండ్ కోసం అంత దూరం పోనక్కర్లేదు.

ఆపి చాలా రోజులైంది, ఇప్పుడు బకాయి ఉంది, కట్టకపోతే సిబిల్ పోతుంది అని ఫోన్లు వస్తున్నాయి

ప్రీపెయిడ్‌లో బకాయి ఎలా వస్తుంది అని మొదట అడగండి. లెక్క మెయిల్‌లో పంపమనండి. సిబిల్‌లోకి వెళ్లేది ముఖ్యంగా లోన్లు, కార్డుల చరిత్ర, సున్నా బ్యాలెన్స్ అయిన డీటీహెచ్ రీచార్జ్ అప్పు కాదు. నిజంగా పోస్ట్‌పెయిడ్ బిల్లో, తిరిగివ్వని అద్దె బాక్సో ఉంటే ఆ లెక్క చూసి సరైనంత కట్టేసి, బాకీ లేదు అని రాయించుకోండి. ఫోన్‌లో వచ్చిన లింక్ మీద మాత్రం ఎప్పుడూ కట్టొద్దు.

రిఫండ్ ఇస్తాం, క్యూఆర్ స్కాన్ చేయండి అన్నారు, చేయొచ్చా?

చేయకండి, అది మోసం. మీకు డబ్బు రావడానికి స్కాన్ అక్కర్లేదు, యూపీఐ పిన్ అసలే అక్కర్లేదు, పిన్ కొడితే డబ్బు పోతుందే తప్ప రాదు. కస్టమర్ కేర్ నంబర్ గూగుల్‌లో వెతికినప్పుడు ఇలాంటివాళ్ల నంబర్లే పైకి వస్తుంటాయి, స్క్రీన్ షేరింగ్ యాప్ వేయమంటారు, అక్కడ్నుంచి మీ ఫోన్ వాళ్ల చేతిలో ఉన్నట్టే. నంబర్ ఎప్పుడూ కంపెనీ యాప్‌లోంచో, రీచార్జ్ ఎస్ఎంఎస్‌లోంచో తీసుకోండి. డబ్బు పోయిందంటే తెల్లారేదాకా ఆగకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి, ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు అవతలి ఖాతాలో ఆపే అవకాశం అంత ఎక్కువ. ఇంట్లో పెద్దవాళ్లకి ఈ ఒక్కటి మాత్రం కూర్చోబెట్టి చెప్పండి.

పాత బాక్సు ఇంకో కంపెనీకి పనికొస్తదా?

రాదు. ఒక్కో కంపెనీ సిగ్నల్‌కి వాళ్ల తాళం వాళ్లది, బాక్సు ఎవరిదైనా పనిచేసేలా ఉండాలని 2020లో ట్రాయ్ సిఫారసు చేసింది కానీ ఇంకా అమల్లోకి రాలేదు. డిష్, కేబుల్ మాత్రం చాలాసార్లు పనికొస్తాయి, దిశ మార్చి, అవసరమైతే డిష్ ముందు సిగ్నల్ అందుకునే చిన్న పరికరం, ఎల్ఎన్‌బీ, మార్చుకుంటే చాలు, కాబట్టి కొత్త కనెక్షన్ పెట్టే అతను డిష్ కూడా కొత్తదే కావాలంటే ఎందుకు అని అడగండి. సొంత బాక్సు మీకు అక్కర్లేకపోతే అదే కంపెనీ వాడే తెలిసినవాళ్లకి ఇవ్వొచ్చు, అయితే ముందు మీ ఐడీ నుంచి దాన్ని తీసేయించండి. ఎవరికీ పనికిరాదనుకుంటే చెత్తబండిలో వేయకుండా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇవ్వండి.